గట్టు మీద ఎర్రగుడ్డ

మా పెద్దమ్మ పోయిందని కబురు వచ్చినప్పుడు నేను హిందూపురంలో ఉన్నాను. నాకు పెనుకొండ బస్టాండు దగ్గర ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. సరుకు కోసం నెలకు రెండుసార్లు హిందూపురం పోతాను. ఆరోజు గోడౌను ముందు అట్టపెట్టెలు ఆటోలోకి ఎక్కిస్తుంటే ధర్మవరం నుంచి పెద్దమ్మ కూతురు ఫోను చేసింది. "అన్నా, అమ్మ పాయ" అంది. నేను చేతిలో పెట్టెను దించకుండా అట్లాగే నిలబడ్డాను. అందులో ఉన్నది టమోటా మీద కొట్టే మందు. ఆ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

నిజం రాద్దామని కూర్చున్నాను కాబట్టి ఇది కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఆ వార్త వినగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. భుజం మీది నుంచి ఏదో బరువు దిగినట్టయింది. ఇంక ఆమెకు ఆ మాట చెప్పే పని లేదు కదా అనిపించింది. పెట్టె కింద పెట్టి, సరుకు రేపు తీసుకుపోతానని ఆటో అతనికి చెప్పి స్టేషనుకు పోయాను.

ధర్మవరం పోయే రైలు మా పెనుకొండ మీదుగానే పోతుంది. కొండ కనిపించినప్పుడు తల తిప్పుకున్నాను. ఆ కొండకు అవతలే మా ఊరు. కూతురి ఇంటికి చేరేసరికి ఆ వీధిలో పక్కింటివాళ్ళు మగ్గం ఆపేసి వాకిట్లో కూర్చున్నారు. పెద్దమ్మను చాప మీద పడుకోబెట్టారు. పాదాల వాపు అట్లాగే ఉంది. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టాలని ఎవరో దారం అడిగితే, సమయానికి దొరకక, ఆమె సంచిలో ఉన్న ఎర్రగుడ్డ పేలికతోనే కట్టారట. ఆ పేలికను చూసి నేను గోడ పట్టుకున్నాను. అందరూ నన్ను ఓదార్చారు. కొడుకు లాంటివాడు, పాపం, అన్నారు.

పెద్దమ్మ అంటే మా నాయన అన్న భార్య. అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు చెరో ముక్క వచ్చింది. మధ్యలో ఒక్క గట్టు. గట్టుకు పడమర మాది, తూర్పున వాళ్ళది. మేము బోరు పడ్డాక టమోటా పెట్టాం. వాళ్ళు మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు మేపారు. పురుగులు ఇంట్లో ఉన్నన్ని రోజులు పెద్దమ్మ తలలో పువ్వు పెట్టుకునేది కాదు, అగరొత్తి వెలిగించేది కాదు, పోపు కూడా ఘాటుగా వేసేది కాదు. వాటికి వాసన పడదు. పెద్దనాయన బీడీ కాల్చుకోవాలంటే రోడ్డు దాకా పోవాల్సిందే. "ఈ పురుగులొచ్చినాకనే ఆయప్పకు నడక అలవాటాయ" అని నవ్వేది. ఆమె ముక్కు ఎంత చురుకంటే, నేను స్నానం చేసి పోతే గడప దగ్గరే ఆపేసేది. "సబ్బు వాసన అబ్బీ, ఆడనే నిలబడు" అనేది.

తనకు ఏ నష్టం వచ్చినా ఆమె మాట ఒకటే: రాత. బోరు ఎండినా, వానకు రేకులు లేచిపోయినా, పట్టుగూళ్ళకు ధర రాకపోయినా, రాత అని కొంగు దులుపుకొని లేచేది. అదే ఇంకొకరికి జరిగితే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు. ఎవరైనా అంటే కోపం వచ్చేది. ఒకసారి ఊళ్ళో ఒకతని పురుగులకు పాలరోగం తగిలింది. అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన "వాని రాత అట్లుంటే ఎవురేం చేస్తారు" అన్నాడు. పెద్దమ్మ రోగం పాకకుండా చల్లే సున్నం బుట్ట నెత్తిన పెట్టుకొని పోతూ ఆగింది. "నీ రాత నువ్వు చూసుకో మామా. ఆయప్పకు ఇప్పుడు కావాల్సింది సున్నం" అని, ఆ పొద్దంతా వాళ్ళ షెడ్డులో రోగం తగిలిన పురుగులను ఏరుతూ కూర్చుంది. ఆరోజు పెద్దనాయన చల్ది ముద్ద తిని పడుకున్నాడు.

నేను ఆట పట్టించేవాణ్ణి. "నీకైతే రాత, పక్కోళ్ళకైతే పనా పెద్దమ్మా? ఇదేం న్యాయం?" అన్నాను ఒకసారి. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆకు తరుగుతూనే చెప్పింది.

"అంతే కదబ్బీ. నాకొచ్చింది రాత అనుకుంటే నాకు నిద్ర పడతాది. పక్కోనికి వచ్చింది కూడా రాత అనుకుంటే, వానికి నిద్ర పట్టదు, నాకు మాత్రం పడతాది. అది తప్పు గదా?"

నేను హిందూపురంలో డిగ్రీ చదివే రోజుల్లో ఆమె గూళ్ళు అమ్మడానికి అక్కడి పట్టుగూళ్ళ మార్కెట్టుకు వచ్చేది. కాలేజీ ఎగ్గొట్టి పోయేవాణ్ణి, ఆమె మీద ప్రేమతో అనుకోకండి, అమ్మకం అయ్యాక ఉగ్గాని, బజ్జీ పెట్టిస్తుందని. ఒక రోజు చిలమత్తూరు వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన తడిసిన మూటతో నిలబడి ఉన్నాడు. బస్సు మీద వేసిన మూట వానకు తడిసింది. తడిసిన గూళ్ళను ఎవరూ ముట్టడం లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పెద్దమ్మ తన రాశి వదిలేసి పోయింది. "అళబేడప్పా" అని, ఏడవొద్దని ఆయన కన్నడంలోనే చెప్పి, ఫ్యాను కింద తన దుప్పటి పరిచి, తడిసినవి ఒక పక్క, తడవనివి ఒక పక్క ఏరడం మొదలుపెట్టింది. వేలం పాడేవాళ్ళు ఈ లోపల మా రాశి దగ్గరికి వచ్చారు. ధర మాట్లాడే మనిషి లేదు. నన్ను అడిగితే నేను నోరు తెరిచి చూశాను. అయిన ధరకు పోయింది. ఆయన గూళ్ళు మాత్రం మంచి ధరకే పోయాయి. నాకు ఒళ్ళు మండింది. "మనది రాతలే అబ్బీ. నువ్వు తిను, బజ్జీ చల్లారతాది" అంది ఆమె.

ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. కానీ వీటిని ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే నేను చెప్పాల్సింది చెప్పకుండానే తప్పించుకుంటాను. ఆ విద్య నాకు బాగా తెలుసు.

డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది అది. ఇరవై ఏళ్ళ పైమాట. ఆషాఢ మాసం. మా వైపు ఆషాఢంలో పడమటి గాలి ఎట్లా తోస్తుందో మా వైపువాళ్ళకు చెప్పక్కర్లేదు. మా టమోటాకు కాయ తొలిచే పురుగు పడింది. నాయన మందు తెచ్చి పెట్టి, "తెల్లారకముందే లేసి కొట్టు, గాలి లేనప్పుడు. ముందు మీ పెద్దమ్మకు చెప్పు" అన్నాడు. పక్కన మల్బరీ తోట ఉంటే ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. మందు సోకిన ఆకు తింటే పట్టుపురుగు బతకదు. ముందే చెప్తే ఆ పక్క సాళ్ళు కొన్ని రోజులు కోయకుండా వదిలేస్తారు.

నేను లేచేసరికి పొద్దెక్కింది. హిందూపురంలో మ్యాట్నీకి పోవాలని స్నేహితులతో అనుకున్నాం. పెద్దమ్మకు చెప్తే "ఈ గాలిలో వద్దబ్బీ, రేపు కొట్టు" అంటుంది, సినిమా పోతుంది. పంపు వీపుకు తగిలించుకొని గబగబా కొట్టేశాను. గట్టు దగ్గరి సాళ్ళలో కొట్టేటప్పుడు మందు తుంపర పొగలాగా లేచి ఆమె తోట మీదికి పోవడం నా కళ్ళతో చూశాను. చూసి కూడా పంపు ఆపలేదు. రెండుసార్లు సబ్బుతో స్నానం చేసి బస్సెక్కాను.

మర్నాడు మధ్యాహ్నానికి పెద్దమ్మ పురుగులు తలలు ఎత్తి ఆడించడం మొదలుపెట్టాయి. నోట్లోంచి పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. గూడు కట్టడానికి ఇంకో మూడు నాలుగు రోజులే ఉంది. చంద్రికలు, అంటే పురుగులు గూడు అల్లుకునే వెదురు తట్టలు, కడిగి ఎండబెట్టి ఉన్నాయి. ఆ పంట మీదే కొత్త బోరు వేయించాలని అనుకున్నారు. ఊళ్ళో సగం మంది షెడ్డు ముందు చేరారు. పెద్దనాయన నన్ను చూసి అడిగాడు.

"రే, మీ టమోటాకు ఏమన్నా మందు కొట్టినావా?"

"లేదు పెద్దనాయనా. నిన్న నేను హిందూపురం పోయింటి."

హిందూపురం పోయింది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకొని అబద్ధం ఆడాను. గాలి ఉంది, ఇంకా కొట్టలేదని నాయనకూ ముందే చెప్పి ఉన్నాను. అప్పుడు మా అమ్మ అందుకుంది.

"మందూ కాదు, మాకూ కాదు. ఆ ఆకు కోసేదాన్ని అడగండి. మొన్న పెనుకొండ ఆస్పత్రిలో చెల్లెలి కాన్పు చూసొచ్చింది. పురుటిమైలతో నేరుగా పురుగులింట్లోకి పోయినాది. ఇంగ యాడ బతుకుతాయి!"

మా వైపు పురుగుల షెడ్డులోకి ముట్టు, పురుడు ఉన్నవాళ్ళు అడుగు పెట్టకూడదని పట్టింపు. ఆకు కోసే ఆయమ్మ చర్చి కాలనీలో ఉండేది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఊళ్ళో ఆమె అంత వేగంగా, లేత ఆకు ఒక్కటి కూడా నలగకుండా కోసేవాళ్ళు లేరు. ఖాళీ బుట్టతో అక్కడే నిలబడి ఉంది. "తలకు పోసుకొనే వచ్చినా వదినా" అంది మెల్లగా. ఆ మాట ఎవరికీ వినపడలేదు. అందరూ అమ్మ మాటనే పట్టుకున్నారు. తప్పు ఎవరిదో తేలిపోయినందుకు జనానికి ఊరటగా ఉన్నట్టుంది. నాకంటే ఊరట ఎవరికీ లేదు.

పెద్దమ్మ షెడ్డులోంచి బయటికి వచ్చింది. ఆమె ఏడవలేదు.

"నా పురుగులు పోయినాయి. అది నా రాత. ఆ బిడ్డ పేరు పోతే అది రాత కాదు, మీ నోరు. ఇంగ చాలిచ్చండి. గుంత తీయల్ల."

ఊరు చెదిరిపోయింది. గుంత నేనే తవ్వాను. చచ్చిన పురుగుల బుట్టలు నేనే మోశాను. సున్నం చల్లుతూ పెద్దమ్మ నా పక్కనే నిలబడింది. ఒకసారి నా వైపు వంగి, గాలి పీల్చినట్టు చేసి, "సబ్బు బాగా రుద్దుకున్నావే" అంది. ఆ మాటకు నేను ఇన్నేళ్ళలో నూరు అర్థాలు చెప్పుకున్నాను. అసలు అర్థం తప్ప.

తర్వాతి పంటకు అక్కను ఊళ్ళో ఎవరూ పిలవలేదు. పెద్దమ్మ కాలనీకి నడిచిపోయి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. చిన్న పురుగులను తెచ్చిన రోజు మొదటి ఆకు వేయడం ఒక ముచ్చట. చేతి గుణం మంచిదని పేరున్న ముత్తయిదువతో వేయిస్తారు. పెద్దమ్మ ఆ ఆకు అక్క చేత వేయించింది, నలుగురూ చూస్తుండగా. మా అమ్మ ఆ తర్వాత కొన్ని నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆ పంట బాగా వచ్చింది. అయినా ఒక్క ఇంటి పనితో అక్కకు జరుగుబాటు కాదు కదా. మిగతావాళ్ళు పిలవకపోయేసరికి హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీకి వ్యానెక్కింది. తెల్లారకముందే పోయి పొద్దు మునిగాక వచ్చేది. చెట్టు నీడలో పాట పాడుకుంటూ ఆకు కోసిన మనిషి మిషను ముందు కూర్చొని చొక్కాలకు కాలర్లు కుట్టింది. ఊళ్ళో మాత్రం పురుగులు చచ్చిన ప్రతిసారీ ఆమె పేరే ఉదాహరణ. ఆ పేరు ఎత్తినప్పుడు నేనూ తల ఊపిన రోజులు ఉన్నాయి.

బోరు వేయలేక పెద్దమ్మ తోట సగం ఎండింది. ఆమె రాత అంది. నాకు ఆ మాట ఎంత అనుకూలంగా ఉండేదో చెప్పలేను. రాత అని ఆమే అంటోంది కదా, మధ్యలో నేనెవరిని?

పదేళ్ళ కిందట నేను పెనుకొండలో అంగడి పెట్టాను. ఏ పని చేసి ఒక మనిషిని ముంచానో ఆ సరుకే అమ్ముకుంటున్నాను. నవ్వుకోండి. అప్పటికి పెద్దనాయన పోయాడు. పెద్దమ్మ ప్రతి సంత రోజు బస్సెక్కి వచ్చి నా అంగడి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. చేతిలో గుడ్డసంచి. ధర్మవరంలో చీరల మూటలు కట్టే ఎర్రగుడ్డ ఉంటుంది కదా, అందులో మిగిలిన ముక్కలు కూతురు వీధిలో అడిగి తెచ్చి ఇచ్చేది. పెద్దమ్మ వాటిని బెత్తెడు వెడల్పు పేలికలుగా చించేది. మందు కొన్న ప్రతివాణ్ణీ ఆపేది.

"ఏమప్పా, పక్కన మల్బరీ తోట ఉండాదా? గాలి ఎటుండాదో చూసి కొట్టు. కొట్టినాక ఈ గుడ్డ గట్టు మీద కట్టు. ఆకు కోసేటోళ్ళు చూసి ఆగతారు."

మొదట్లో నవ్వారు. కొందరు గుడ్డను అక్కడే పారేసి పోయారు. ఆమె ఏరి, దులిపి, మళ్ళీ సంచిలో పెట్టుకునేది. తర్వాత తర్వాత వాళ్ళే "అవ్వా, గుడ్డ ఇయ్యి" అని అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో మందు కొడితే గట్టు మీద ఎర్రగుడ్డ కడతారు. ఎవరు మొదలుపెట్టారో కట్టేవాళ్ళలో చాలామందికి తెలియదు. ఆ గుడ్డల వల్ల ఎన్ని ఇళ్ళలో పురుగులు గూళ్ళు కట్టాయో నాకూ తెలియదు.

నాకు మాత్రం ఆ ప్రశ్న విన్నప్పుడల్లా ముళ్ళమీద కూర్చున్నట్టుండేది. సీసాలు సర్దుతున్నట్టు నటించేవాణ్ణి. కొనేవాళ్ళు లేనప్పుడు ఆమె గుడ్డ చించుతూ చించుతూ ఆగి, నా వైపు చూసి, "ఏమబ్బీ?" అనేది. "ఏంలే పెద్దమ్మా" అనేవాణ్ణి. కాసేపటికి ఇంకో గుడ్డ తీసుకునేది. టీ తెప్పించేవాణ్ణి. బస్సు టైముకు లేచిపోయేది. పదేళ్ళు సంత సంతకూ ఇదే వరస.

పోయిన ఏడాది నుంచి ఆమె కాళ్ళు వాస్తూ వచ్చాయి. మెట్టు ఎక్కితే ఆయాసం. ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా ఆటో పిలిచి పెనుకొండ ఆస్పత్రికి లాక్కొచ్చే మనిషి, తన కాళ్ళను చూపించుకోలేదు. "చూపించుకోరాదా పెద్దమ్మా" అని నేనూ అన్నాను, నోటి చివర నుంచి. "వయసబ్బీ, రాత" అంది. సరే అనుకున్నాను. ఆస్పత్రి నా అంగడికి ఎంత దూరమో చెప్పడానికి సిగ్గుగా ఉంది. చివరిసారి వచ్చినప్పుడు చెప్పులు పట్టక, తెగిన పట్టీని ఎర్రగుడ్డతో కట్టుకొని వచ్చింది. బస్సు ఎక్కలేకపోతే కండక్టరు చెయ్యి ఇచ్చాడు. నేను అంగడి వదిలి పోకూడదని గల్లా దగ్గరే ఉండి చెయ్యి ఊపాను. కూతురు వచ్చి ధర్మవరం తీసుకుపోయేసరికి గుండె దెబ్బతిందని డాక్టర్లు చెప్పారు.

ఆమెను ఊరికి తీసుకొచ్చి తోట పక్కన మట్టిలో పెట్టిన రోజు నుంచి నేను ఒకటే మాట నములుతూ ఉన్నాను. తన కష్టం రాత, పక్కవాడి కష్టం పని. ఈ సూత్రం ఆమె ఒక్కతే పాటిస్తే నిలబడదు. ఆమె తన కష్టాన్ని రాత అని వదిలేసినప్పుడు, దాన్ని పని అని ఎత్తుకోవాల్సింది పక్కవాళ్ళం. ఆ పక్కవాణ్ణి నేనే. ఒక గట్టు పక్కన, తర్వాత ఒక బెంచీ పక్కన. ఆమె ఓర్పును చూసి దండం పెట్టినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆమె చెయ్యి పట్టుకొని ఆస్పత్రి మెట్లు ఎక్కించినవాళ్ళం లేము. నేను చేసింది ఆమె పద్ధతికి సరిగ్గా తిరగబడి ఉంది. అక్క పేరు పోతే అది ఆమె రాత అనుకున్నాను, నా సినిమా తప్పిపోతే మాత్రం అన్యాయం అనుకున్నాను.

దినానికి ముందు రోజు సాయంత్రం అక్క ఇంటికి పోయాను. ఆమెకు జుట్టు నెరిసింది, మిషను తొక్కి తొక్కి నడుము వంగింది. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. స్టూలు వేసింది. నేను కూర్చోలేదు. చెప్పాను. ఆషాఢం, గాలి, మందు, సినిమా, అబద్ధం. ఒక్కటీ దాచలేదు. ఆమె చేట ఆపకుండా అంతా విన్నది.

"నాకు తెలుసప్పా" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దు ఆకేసినాక చేతులు కడుక్కుంటా ఉంటే మందు వాసన కొట్టినాది. అప్పటికే పురుగులు తినేసినాయి. మర్నాడు మీ యమ్మ నన్ను తిట్టినాక, రాత్రికి మీ పెద్దమ్మ మా ఇంటికొచ్చె. నేను చెప్పేలోగా ఆయమ్మే చెప్పె, 'మా వాడే కొట్టినాడు, సబ్బు వాసనతోనే నాకు తెల్సిపాయ' అని."

"మరి ఎందుకు చెప్పలేదక్కా, ఊళ్ళో?"

"ఆయమ్మ నన్ను అడుక్కునె. నా జలుమలో ఆయమ్మ ఎవురినన్నా ఏమన్నా అడగడం నేను చూసింది అదొక్కటే. 'మనం చెప్తే వాడు దొంగ అయితాడు. వాడే చెప్తే మనిషి అయితాడు. కొంచెం ఓపిక పట్టు తల్లీ, చెప్తాడు' అనె. సరే అంటి. కొంచెం అంటే ఇన్నేండ్లని నాకేం తెలుసు?" చేట కింద పెట్టింది. "నీ అంగడికి సంత సంతకూ యాల వచ్చేది అనుకున్నావు? గుడ్డలియ్యడానికా? గుడ్డలు ఎవురైనా ఇస్తారు. పోయే ముందు, నేను వ్యానెక్కేలోగానే నా దగ్గరికొచ్చి చెప్పి పోయేది, 'ఈ పొద్దు చెప్తాడేమో' అని. వచ్చినాక తల అడ్డంగా ఊపేది. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మా వాకిట్లో కూర్చోనుండేది, నా దగ్గర తప్పు చేసినట్టు."

ఏమబ్బీ. ఏంలే పెద్దమ్మా. ఆ రెండు మాటలు నా చెవుల్లో గింగురుమన్నాయి. ఆమె ఇచ్చిన ప్రతి సందునూ నేను టీ గ్లాసుతో పూడ్చాను. అక్క కాళ్ళు పట్టుకోబోయాను. ఆమె వెనక్కి జరిగింది.

"నాకు చెప్తే ఏమొచ్చెనప్పా? నాకు తెలిసిందే కదా. తెలీనోళ్ళకు చెప్పు."

మర్నాడు దినం. పందిట్లో ఊరంతా పంక్తిలో కూర్చుంది. అక్క చివరి వరసలో కూర్చుంది. వడ్డన అయ్యాక నేను నిలబడి చెప్పాను. రెండుసార్లు ఆగాను కానీ అంతా చెప్పాను. ఎవరో ముసలాయన "ఇప్పుడెందుకులే అప్పా, పోయినోళ్ళు పోయినారు" అన్నాడు. మా అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా వైపు కాదు, అక్క వైపు చూసింది. "ఇన్నేండ్లు ఆ మాట నా నోటితో అనిపిస్తివి కదరా" అంది నాతో. లేచి, నీళ్ళ చెంబు తీసుకొని, చివరి వరస దాకా నడిచి, అక్క గ్లాసులో నీళ్ళు పోసింది. అక్క తలెత్తలేదు. అన్నం కలుపుకుంటూనే ఉంది. క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే ముఖం కూడా లేదు.

సాయంత్రం అందరూ పోయాక పెద్దమ్మ సంచి తీసుకొని చేనికి పోయాను. మా చేను ఇప్పుడు వేరేవాళ్ళు కౌలుకు చేస్తున్నారు, టమోటానే. గట్టు మీద ఒక కట్టె నాటి, సంచిలోంచి ఒక పేలిక తీసి కట్టాను. ఊళ్ళో అన్ని గట్ల మీదా ఆమె గుడ్డలు ఉన్నాయి, ఈ ఒక్క గట్టు మీద తప్ప. ముడి సరిగ్గా పడలేదు, రెండుసార్లు విప్పి కట్టాల్సి వచ్చింది. మళ్ళీ ఆషాఢమే. పడమటి గాలి ఆపకుండా తోస్తోంది. చెయ్యి వదలగానే గుడ్డ చాచుకొని నిలబడింది, తూర్పుకు, ఆమె తోట మీదికి, ఆమెను పెట్టిన మట్టి వైపు.